మా యింటి డౌన్‌లోడు

సంఘము వారు ఈ సంచికకు ఏదైనా వ్రాసి యిమ్మని అడిగినప్పుడు వ్యాసము వ్రాయవలెనని మేము తలచలేదు. మా బాపు కూర్చిపెట్టిన కుటుంబాల పట్టికను ఉన్నదున్నట్లు అచ్చుకు పంపి, దాని ముందు నాలుగు మాటలు చేర్చి ఊరకుందామనుకొన్నాము. తీరా చూడగా ఆ పట్టిక మా యింటి కంప్యూటరులో నుండి బయటికి వచ్చుటకు ఎనిమిది దినములు పట్టినది. ఆ ఎనిమిది దినముల ముచ్చటయే నాలుగు మాటలకు బదులు ఇంత పెరిగినది.

బాపు 1958లో కరీంనగరు వైపు నుండి కాజీపేట మీదుగా వచ్చి బల్లార్షాలో రైలు దిగారు. కాజీపేట, బల్లార్షాల నడుమ రైలుమార్గము 1929లో పూర్తియై మదరాసును ఢిల్లీతో నేరుగా కలిపినది. మనలో చాలమంది పెద్దలకు ఈ నేలను చూపినది ఆ మార్గమే. ఆయనకు బొగ్గుగనిలో టైంకీపరు కొలువు దొరికినది. 1973లో గనులు జాతీయమైనవి, 1975లో వెస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ ఏర్పడినది. హాజరుపట్టీ అట్ట మీద పేరు మారుచు వచ్చినదేగాని లోపల గీతలు గీసి పేర్లు వ్రాసే చేయి మారలేదు. పేరు, ఊరు, తేదీ, ఈ మూడును ఒక వరుసలో లేకపోతే ఆయనకు నిద్ర పట్టేది కాదు.

ఉద్యోగ విరమణ తరువాత ఆ అలవాటు ఎక్కడికి పోతుంది? ఇక్కడి తెలుగు కుటుంబాల వివరాలు సేకరించుట మొదలుపెట్టారు. చైత్రమాసములో మహాకాళి జాతరకు పోయినా, గోదావరి ఆవలి నుండి వచ్చిన యాత్రికులను ఆపి, మీ ఊరివారు ఇక్కడ ఎవరున్నారు అని అడిగేవారు. 2004లో మా యింట కంప్యూటరు కొన్నాము. పిల్లవాని చదువుకని కొన్నదానిని ముందుగా పట్టుకొన్నది అరువదియేడేండ్ల బాపు. ఆనాటి విండోస్ ఎక్స్‌పీలో తెలుగు అక్షరాలు ఒత్తులతో గుణింతాలతో సరిగా కూడుకొనవలెనంటే, సీడీ పెట్టి, భాషల పేజీలో ఒక గడిలో టిక్కు పెట్టవలసి ఉండేది. అట్లు పెట్టగా ‘గౌతమి’ అను ఫాంటు వచ్చినది. మీటల మీద కాగితపు ముక్కలు అంటించుకొని, ఒక్కొక్క అక్షరమే వెదకి వెదకి, ఆయన అయిదారేండ్లలో నూటపన్నెండు కుటుంబాల పట్టికను తయారుచేశారు. యింటిపేరు, స్వగ్రామము, వచ్చిన సంవత్సరము, మొదటి కొలువు అని నాలుగు నిలువు వరుసలు.

ఇక్కడొక సంగతి చెప్పవలెను. ఆయన ఆ వరుసలను గడులు గీసి చేయలేదు. ఆఫీసులో టైపుమిషను మీద చేసినట్లే, ఖాళీ మీట నొక్కి నొక్కి మాటలను కుడికి జరుపుచు, కంటితో తూచి నిలబెట్టారు. కంప్యూటరులో పట్టిక గీయు ఉపాయము వేరే ఉన్నదని ఆయనకు ఎవరూ చెప్పలేదు. మేమును చెప్పలేదు.

2019లో పాత యంత్రము పాతసామానువానికి పోయి క్రొత్తది వచ్చినది. పెన్‌డ్రైవులో బాపు వ్రాతలన్నియు దీనిలోనికి ఎక్కించాము, తెరిచి చూడలేదు. ఆయన చూపు అప్పటికి మందగించినది, వ్రాయుట మానివేశారు. మేము ఆ కంప్యూటరు మీద మరాఠీలో అర్జీలు వ్రాశాము, ఇంగ్లీషులో బ్యాంకు లెక్కలు చూచుకొన్నాము. ఆరేండ్లు మా యింటి కంప్యూటరు తెలుగు మీట ఎరుగదు. ఈ మాట వ్రాయుటకు మాకు సిగ్గుగానే ఉన్నది. అయితే చదివేవారిలో ఎంతమంది యిండ్లలో సంగతి వేరుగా ఉన్నదో వారే చూచుకొందురు గాక. బాపు 2021లో కాలము చేశారు.

సంఘము వారు పట్టికను అడిగినది 2025 అక్టోబరులో. ధనత్రయోదశి లోపల ఈయవలెనన్నారు, అనగా 18వ తేదీ గడువు. ఫైలు తెరిచాము. అక్షరాలు పోలేదు. 1991 నాటి మొదటి యూనికోడు నుండి తెలుగు లిపికి అందులో స్థానము ఉన్నందున, ఆ పద్ధతిలో కొట్టినది ఏ యంత్రములోనైనా తెలుగుగానే కనిపిస్తుంది. అయితే ముఖము మారినది. గౌతమికి బదులు ‘నిర్మల’ అను వేరొక ఫాంటు వచ్చి నిలిచినది. దాని అక్షరాల వెడల్పు వేరు. బాపు ఖాళీలతో తూచి నిలబెట్టిన వరుసలన్నియు కూలినవి. పంక్తులు మధ్యలో విరిగి, ఒకరి సంవత్సరము క్రిందివాని ప్రక్కకు జారినది. 1931లో వచ్చిన కుటుంబానికి 1962 తగిలినది. మంథనివారు ధర్మపురివారైనారు. నూటపన్నెండింటిలో మాకు స్వయముగా తెలిసినవి ముప్పది ఉండవచ్చును. మిగిలినవి ఎవరి ఊరు ఎవరిదో చెప్పగలిగిన ఒక్క మనిషి లేరు.

పూనాలో ఉన్న మా అబ్బాయికి ఫోను చేశాము. విండోస్ 10 వచ్చినప్పటి నుండి గౌతమి వంటి పాత ఫాంట్లను అందరికీ పంచక విడిగా ఉంచారట. సెట్టింగులలో తెలుగు భాషను చేర్చితే, ‘తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్’ అను పేరుతో అప్‌డేటు దారినే దిగివస్తవట.

“చిన్నదే నాన్నా, రెండు నిమిషాల పని. వెనుకటి ఫాంటు రాంగనే వరుసలు వాటంతటవే నిలబడ్తయి” అన్నాడు.

తెలుగును చేర్చాము. గడిలో ‘వేచియున్నది’ అని అర్థము వచ్చు మాట కనిపించి అట్లే నిలిచినది. కారణమేమనగా, దాని ముందు ఒక పెద్దమనిషి దారికడ్డముగా కూర్చున్నాడు. విండోస్ 10కు మైక్రోసాఫ్టు వారి సాధారణ పోషణ 2025 అక్టోబరు 14తో ముగియుచున్నదని, విండోస్ 11కు మారుమని యంత్రము చాలకాలముగా పోరుపెట్టుచుండగా, 9వ తేదీ సాయంత్రము మేమే సరే అని మీట నొక్కియున్నాము. అది నాలుగు గిగాబైట్ల మూట. మూట కదలితేగాని ఫాంటు రాదు, ఫాంటు రానిదే పట్టిక నిలువదు.

మూట కదలలేదు. మొదటి సాయంత్రము గంటన్నర కూర్చుంటే నూటికి పదునారు వంతులు దిగినది. రాత్రి పది గంటలకు కంప్యూటరు ఆపి ప్లగ్గు పీకివేయుట బాపు నాటి నుండి మా యింటి నియమము. ఊరి ప్రక్కనే 2,920 మెగావాట్ల విద్యుత్కేంద్రము పెట్టుకొని ఈ పొదుపేమిటని అబ్బాయి ఎగతాళి చేస్తాడు. నియమము నియమమే. రెండవనాడు మరొక గంటన్నర, ముప్పది యొకటి.

ఇప్పుడు కొంచెము లెక్క. మా కనెక్షను సెకనుకు 40 మెగాబిట్లది. బిట్టు వేరు, బైటు వేరు. ఎనిమిది బిట్లు ఒక బైటు. కనెక్షను అమ్మేవారు బిట్లలో చెప్తారు, ఫైలు బరువు బైట్లలో ఉంటుంది. నలుబది అని విని సెకనుకు నలుబది మెగాబైట్లు రావలెనని పోట్లాటకు పోయేవారిని మేము చూచాము. ఒకప్పుడు మేమును పోయినాము. నలుబదిని ఎనిమిదితో భాగించగా వచ్చునవి అయిదు మెగాబైట్లు. ఆ లెక్కన నాలుగు గిగాబైట్లకు పదమూడు పదునాలుగు నిమిషాలు చాలును. 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ వారు మన దేశములో సామాన్యులకు ఇంటర్నెట్టు తెరిచిన కాలములో ఫోనుతీగ మీద దొరికిన వేగము సెకనుకు 9.6 కిలోబిట్లు, ఆ వేగముతో ఈ మూట దిగుటకు ఎడతెగకుండ ముప్పది యెనిమిది దినములు పట్టును. మా యింట 2004లో ఎక్స్‌పీకి రెండవ సర్వీసు ప్యాకు వచ్చినప్పుడు, అది 266 మెగాబైట్లది, ఫోనుతీగ మీద ఎవరు దింపగలరని బాపు కంప్యూటరు పత్రికతో వచ్చిన సీడీ కొని తెచ్చారు. కాబట్టి నిదానము మాకు క్రొత్త కాదు. పదునాలుగు నిమిషాల పని రెండు రోజులైనా మూడవ వంతు కాకపోవుటకు కారణము కావలెను.

మూడవనాడు ఒక మిత్రుడు వచ్చారు. రైల్వేలో సిగ్నళ్ళు చూచి విశ్రమించినవారు. యంత్రమన్న చేయి ఊరుకోదు. అప్‌డేట్లు దిగి నిల్వయుండు ‘సాఫ్ట్‌వేర్ డిస్ట్రిబ్యూషన్’ అను ఫోల్డరును తుడిచివేస్తే అన్నియు చక్కబడునని ఎక్కడో విన్నారట. అప్‌డేటు సేవను ఆపి, ఫోల్డరులోని డౌన్‌లోడునంతయు తుడిచి, సేవను మరల నడిపించారు. సున్న నుండి మొదలైనది. ముప్పది యొకటి పోయినది. ఆయనను తప్పు పట్టరాదు. దిగిన ఫైలు చెడిపోయి, ఒకేచోట కదలక నిలిచి, లేక మాటిమాటికి తప్పని చూపుచున్నప్పుడు ఆ వైద్యము పనిచేయును. మాది చెడిపోలేదు, నడుచుచునే ఉన్నది, నెమ్మదిగా. నడుస్తున్న బండిని మొదటి స్టేషనుకు త్రిప్పి పంపినట్లైనది. చాయ త్రాగి ఆయన వెళ్ళిన తరువాత మా గృహిణి ఏమన్నదో ఇక్కడ వ్రాయుట లేదు.

నాలుగవనాడు ఆదివారము. ఇంటర్నెట్టు కనెక్షను ఇచ్చినవారి కుర్రవాడు వచ్చాడు. రౌటరు నుండి తీగను నేరుగా తన ల్యాప్‌టాపుకు పెట్టి వేగము కొలిచాడు. ముప్పది యెనిమిది. “కాకా, లైన్ బరోబర్ ఆహె” అని చేతులు దులుపుకొన్నాడు. నిజమే. మేము రెండు దినములుగా మనసులో వారిని అన్న మాటలన్నియు వెనుకకు తీసికొనవలసివచ్చినది. పోవుచు పోవుచు ఆ పిల్లవాడే, మీ వెనుకగదిలో చూడుడని కంప్యూటరున్న చోట కొలిచి చూపాడు. అక్కడ తొమ్మిది.

మా యిల్లు పాతది, గోడలు లావు. రౌటరు ముందుగదిలో ఇనుప బీరువా వెనుక ఉన్నది. తీగలు కనబడితే అందముగా ఉండదని మేమే అక్కడ దాచాము. వై-ఫై తరంగము గోడను కొంతవరకు దాటునుగాని ఇనుమును దాటలేదు, దానికి తగిలి మరలిపోవును. అదిగాక వై-ఫైకి రెండు బాటలున్నవి. 2.4 గిగాహెర్ట్జ్‌ది దూరము పోగలదు, గోడలు దాటగలదు. అయితే ప్రక్క యిండ్ల రౌటర్లు, వంటింటి మైక్రోవేవు పొయ్యి కూడ ఆ బాటలోనివే, ఇరుకెక్కువ. 5 గిగాహెర్ట్జ్‌ది వేగము గలది, అయితే రెండవ గోడకే అలసిపోవును. వెనుకగది మూడవ గోడ ఆవల. మరునాడు బజారునకు పోయి పదునైదు మీటర్ల నెట్‌వర్కు తీగ తెచ్చి, తలుపుల మీదుగా కొట్టించి, కంప్యూటరుకు తగిలించాము. వెనుకగదిలోను ముప్పది యెనిమిది వచ్చినది. గృహిణి తీగను చూచి మూతి ముడుచుకొన్నదిగాని, అంకెను చూచి ఊరుకొన్నది.

తొమ్మిదిని ముప్పది యెనిమిది చేసికొన్నాము. అప్‌డేటు మాత్రము మునుపటి వలెనే నడచుచున్నది. ఒక్క వీసము పెరుగలేదు.

ఇక్కడ మాకు కొంచెము తెలివి వచ్చినది. ఆదిలోనే రావలసిన తెలివి. వేరొక ఫైలును, పెద్దదానిని, బ్రౌజరులో దింపి చూచాము. సెకనుకు నాలుగున్నర మెగాబైట్లు గలగల వచ్చిపడినవి. అనగా బయటి తీగ బాగున్నది, లోపలి తీగ బాగున్నది, కంప్యూటరు తీసికొనగలదు. అప్‌డేటు ఒక్కటే నెమ్మది. దోషము తీగలో లేదు, అప్‌డేటు నడచు పద్ధతిలో ఉన్నది. ఈ చిన్న పరీక్ష మొదటినాడే చేసియుంటే బీరువా, తీగ, కుర్రవాడు, తుడిచివేయుట, ఏదియు అక్కరలేకపోయేది. తీగ మాత్రము ఉండనిచ్చాము.

అటు తరువాత ఒక్కొక్కటే చూచాము. ‘మీటర్డ్ కనెక్షను’ అని ఒక గుర్తున్నది. ఫోను డేటాతో నడిపేవారు ఖర్చు తగ్గుటకు పెట్టుకొనునది. అది ఉంటే అప్‌డేట్లు చాలవరకు ఆగిపోవును. మాకు లేదు. డిస్కులో చోటు చూచాము, కావలసినంత ఉన్నది. ఇంట్లో ఫోన్లు ఫొటోలను పైకి ఎక్కించుచు దారిని నింపుచున్నవేమోనని అన్నిటినీ వై-ఫై నుండి తప్పించాము. మార్పు లేదు. 14వ తేదీ వచ్చి పోయినది. మైక్రోసాఫ్టు వారు నెలనెలా అప్‌డేట్లు విడుదల చేయునది రెండవ మంగళవారము, అక్కడి ఉదయము పది గంటలకు. ఈ కాలములో మనకు రాత్రి పదిన్నర. విండోస్ 10కు చివరిదైన ఆ రోజు కూడ మంగళవారమే. మా నియమము ప్రకారము అప్పటికి అరగంట ముందే ప్లగ్గు పీకివేశాము.

15న అబ్బాయి ఫోనులో కెమెరా పెట్టించి తెరను చూచాడు. టాస్కు మేనేజరు తెరువుమన్నాడు. అందులో నెట్‌వర్కు గీత కదలుచుండును. ఆ గీతను చూచి కొంతసేపు మాటాడలేదు.

“నాన్నా, సిగ్నలు మంచిగ లేకపోతే ఈ గీత గుట్టలు గుట్టలుగా ఎక్కుతది దిగుతది. ఇది చెక్కబద్ద పెట్టి గీసినట్టు తిన్నగ ఉన్నది. సరిగ్గ ఒకటి దగ్గర. ఒకటి మెగాబిట్టు. దీన్ని ఎవరో కట్టేసిండ్రు.”

మేము మరల మరల చూచాము. నిజముగానే, తూము ఎంత ఎత్తితే అంతే పారు చెరువునీటి వలె, గీత ఒకే మట్టముగా పోవుచున్నది. సెకనుకు ఒక మెగాబిట్టు. ఆ లెక్కన నాలుగు గిగాబైట్లకు తొమ్మిది గంటలకు కొంచెము తక్కువ. రోజుకు గంటన్నర పెట్టే మా యింట ఆరు దినములు. అంకెలన్నియు కుదిరినవి. మన దేశములో 2004లో 256 కిలోబిట్లను, 2013 నుండి 512ను బ్రాడ్‌బాండుకు హద్దు అన్నారు. 2023లో ఆ హద్దును రెండు మెగాబిట్లకు పెంచారు. ఇది అందులో సగము.

అబ్బాయి చెప్పిన దారిలో సెట్టింగులలో విండోస్ అప్‌డేటు, అందులో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, అందులో ‘డెలివరీ ఆప్టిమైజేషన్’ అను పేజీకి పోయినాము. అప్‌డేట్లు ఎక్కడి నుండి ఎంత వేగముతో రావలెనో నిర్ణయించు చోటు అది. ఇంట్లో రెండు మూడు కంప్యూటర్లున్నవారికి ఇది మంచి ఉపాయము కూడ. ఒకదానిలో దిగిన భాగాలను రెండవది బయటికి పోకుండ దాని నుండియే తీసికొనగలదు. ఆ పేజీలో ఇంకొంచెము లోనికి పోగా వేగపు హద్దులు పెట్టు గడులున్నవి. మనము కూర్చుండి చేయించు డౌన్‌లోడుకు ఒక గడి, వెనుక తనంత తాను జరుగుదానికి ఒక గడి. రెండింటిలోను ఒకే అంకె. ఒకటి.

“ఇది నేను పెట్టిందే” అన్నాడు అబ్బాయి. “ఎప్పుడు పెట్టిన?”

గదిలోనికి వచ్చుచున్న మా గృహిణి గుమ్మములోనే నిలిచినది. “మామ కరీంనగర్‌కు మాట్లాడంగ బొమ్మ ఆగిపోతున్నదని నువ్వే కదరా ఏదో బిగించినవు. లాక్‌డౌన్ల.”

2020. అబ్బాయి పూనా నుండి వచ్చి ఇంట్లోనే పని చేసికొన్న కాలము. అప్పటి మా కనెక్షను ఎనిమిది మెగాబిట్లది. దానిలోనే అబ్బాయి ఆఫీసు పని, దానిలోనే ప్రక్కింటి పిల్లల ఆన్‌లైను పాఠము. రాత్రి ఎనిమిదిన్నరకు బాపు ఈ కంప్యూటరు ముందు కూర్చుండి కరీంనగరులో ఉన్న చెల్లెలితో, మా మేనత్తతో, మాటలాడేవారు. ఫోను తెర ఆయనకు కనబడదు. పెద్ద తెర కావలెను. సరిగా ఆ వేళకే అప్‌డేటు ఏదో దిగుట మొదలుపెట్టి దారినంతటినీ మ్రింగివేసేది. చెల్లెలి ముఖము నోరు తెరిచినది తెరిచినట్లే గడ్డకట్టేది. “అది అలిగిందా ఏంది?” అని బాపు మమ్ములను అడిగేవారు. వరుసగా మూడు రాత్రులు అట్లు జరిగిన తరువాత పిల్లవాడు ఆ గడులలో ఒకటి అని కొట్టాడు. అప్‌డేటు దాని దారిన అది నిదానముగా రానిమ్ము, తాత మాట తెగరాదు అని.

ఆ తరువాత తెగలేదు. ఆయన చివరి నెలల వరకు ఆ మాటలు నడిచినవి. నెలనెలా వచ్చు చిన్న అప్‌డేట్లు ఒకటి రెండు సాయంత్రాలలో నెమ్మదిగా దిగుచుండగా మేము గమనించనేలేదు. కనెక్షను ఎనిమిది నుండి నలుబది అయినది. బాపు పోయినారు. ఆ అంకె మాత్రము తన కొలువు విడువక అయిదేండ్లు అక్కడే నిలిచియున్నది.

“తీసేయనా?” అని అబ్బాయి అడిగాడు. అతడు పూనాలో ఉన్నాడు, తీయవలసినది మేమే. కొంతసేపు ఎవరమూ ఏమీ అనలేదు. గృహిణి వచ్చి ప్రక్కన కూర్చున్నది. రెండు గడులలోను టిక్కు తీసివేశాము.

గీత ఒక్కసారిగా పైకి లేచినది. పదునాలుగు నిమిషాలు కాలేదు, దిగుట ముగిసినది. దిగుట వేరు, యంత్రములో కుదురుకొనుట వేరు అని ఇక్కడ చెప్పవలెను; తరువాతి అంకెలు మరొక గంటన్నర సున్న నుండి నూరు వరకు నడిచినవి. దానికి ఇంటర్నెట్టు వేగముతో పని లేదు, డిస్కు వేగము, యంత్రపు బలము చూచుకొనవలెను. ఆ రాత్రి మాత్రము పది గంటలకు ప్లగ్గు పీకలేదు.

16వ తేదీ ఉదయము తెలుగు భాషను మరల చేర్చగా అబ్బాయి చెప్పిన రెండు నిమిషాలు కూడ పట్టలేదు. గౌతమి వచ్చినది. ఫైలు తెరిచాము. వరుసలు నిలిచియున్నవి. యింటిపేర్ల క్రింద యింటిపేర్లు, ఊళ్ళ క్రింద ఊళ్ళు, సంవత్సరాల క్రింద సంవత్సరాలు, హాజరుపట్టీ వలె. 1931 తనవారి ప్రక్కకు చేరినది. ముందుగా దానిని ముద్రించి, ఆ కాగితాలను చూచుచు, ఈసారి గడులు గీసిన పట్టికలోనికి మార్చుటకు కూర్చున్నాము. ఏ ఫాంటు వచ్చినా పోయినా ఇక జారరాదని. తెలుగు మీటలు మాకు చేతకావు. బాపు వలెనే ఒక్కొక్క అక్షరము వెదకుచు, సాయంత్రానికి అరువది కుటుంబాలు పూర్తిచేశాము.

అప్పుడు కనబడినది, రెండుచోట్ల సంవత్సరపు వరుస ఖాళీగా ఉన్నది. ఇవి జారిపోయినవి కావు. బాపు వదలినవి. తెలియక వదలి, తెలిసినప్పుడు నింపుదామనుకొని ఉండవచ్చును.

ఎనిమిదిన్నరకు మేనత్త పిలిచినది. ఎనుబదియైదేండ్ల మనిషి, ఇప్పటికిని ఆ వేళకే పిలుచును. వారానికి రెండు మూడు మార్లు. “ఏం జేస్తున్నవ్‌రా?” అన్నది. బాపు వ్రాసిన పట్టిక కొట్టుచున్నామని చెప్పి, ఖాళీగా ఉన్న మొదటి యింటిపేరు, ఊరు చదివి వినిపించాము.

“ఆళ్ళా? మా వాడకట్టోళ్ళే. పోలీసు యాక్షనుకు ముందుగాల ఎండాకాలం, రజాకార్ల భయానికి రాత్రికి రాత్రి బండి కట్టుకొని పోయిండ్రు. ఆళ్ళ పిల్లతోని నేను అచ్చనగండ్లు ఆడేదాన్ని. చాందాకు పోయిన్రని తెల్వదు నాకు. ఎక్కడికి పోయిన్రో అనుకుంటి.”

పోలీసు చర్య 1948 సెప్టెంబరులో. మేము గడిలో 1948 అని కొట్టాము. తరువాత రెండవ పేరు చదివాము. అది విని మేనత్త చాలసేపు కన్నులు మూసుకొన్నది. బొమ్మ ఆగలేదు, ఆమె ఆలోచించుచున్నది.